బడి మూసిన కాలం, మిగిలిన బాకీ

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం, ఫిబ్రవరి 2023)



ఏటా ఈ సభలో విద్యా కమిటీ చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎంతమందికి పుస్తకాలిచ్చాం, ఎంతమందికి ఫీజు కట్టాం, పదో తరగతిలో ఎవరికి మెడల్ ఇస్తున్నాం. ఆ లెక్కలన్నీ కార్యదర్శి గారి నివేదికలో ఉన్నాయి, ఈ సంచికలోనే చదువుకోవచ్చు. ఈసారి అధ్యక్షులవారు మాకు వేరే పని పెట్టారు. కరోనా కాలంలో బడి ఏమైంది, మన పిల్లలు ఏమయ్యారు, మీరిచ్చిన డబ్బు ఎక్కడ పనిచేసింది, ఇంకా ఎక్కడ అవసరముంది, ఇవన్నీ విడమరిచి చెప్పమన్నారు. బడులు మూతపడి వచ్చే నెలకు మూడేళ్లు. ఇప్పుడు కాస్త నిదానంగా మాట్లాడుకోవచ్చు.

ముందు తేదీలు గుర్తు చేసుకుందాం, ఎందుకంటే మనం చాలా త్వరగా మరిచిపోతున్నాం. 2020 మార్చి మూడో వారంలో మన రాష్ట్రంలో బడులు మూశారు. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఒకటి నుంచి తొమ్మిది వరకు అందరినీ పరీక్షలు లేకుండా పై తరగతికి పంపారు. జూన్‌లో పదో తరగతి పరీక్షలు కూడా రద్దయ్యాయి. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. తర్వాత ఒక్కో తరగతీ కిందికి దిగుతూ వచ్చి, ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు బడి గడప తొక్కేసరికి 2021 ఫిబ్రవరి 1 వచ్చింది. మూడు నెలలు నిండకముందే, ఏప్రిల్‌లో రెండో వేవ్‌తో మళ్లీ మూసేశారు. ఆగస్టు 16న తిరిగి తెరిచారు. అంటే పదిహేడు నెలల కాలంలో చిన్నపిల్లలు బడిలో కూర్చున్నది మూడు నెలల లోపే.

ఈ వరసలో ఒక సంగతి గమనించండి. పరీక్ష రాయాల్సిన పెద్ద పిల్లలకు ముందు తెరిచాం, చిన్నవాళ్లకు చివర తెరిచాం. మన దగ్గరే కాదు, దేశమంతటా అంతే. డెన్మార్క్‌లో తిరగేసి చేశారు. 2020 ఏప్రిల్ 15న అక్కడ ముందుగా బడికి పిలిచింది చిన్న తరగతుల పిల్లలనే. పదో తరగతి అమ్మాయి పుస్తకం తెరిచి తనంతట తాను నాలుగు పేజీలు చదువుకోగలదు. ఒకటో తరగతి పిల్లవాడికి అక్షరం దిద్దించడానికి పక్కన మనిషి ఉండాలి. మన దేశం ఎంత, డెన్మార్క్ ఎంత, మన ఆసుపత్రులు ఎన్ని అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఆ నిర్ణయాలు తీసుకున్న అధికారుల నెత్తిన ఎంత భారముందో మాకు తెలుసు. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు మన కర్నూలు జిల్లాలోనే. పాతబస్తీ సందులకు అడ్డంగా వెదురు గడలు కట్టిన రోజులు మనం చూశాం. మూయడం తప్పని మేము అనడం లేదు. మూసినందుకు ఖరీదు ఎవరు చెల్లించారన్నదే ఇక్కడ చెప్పాలనుకుంటున్నాం.

బడి అంటే పాఠం చెప్పే చోటు అనుకుంటాం. నిజానికి అక్కడ మూడు పనులు కలిసి జరుగుతాయి. చదువు ఒకటి. ఇంట్లో ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే బెంచీ, ఒకే పలక, ఒకే టీచరు దొరకడం రెండోది. మూడోది, పిల్లవాడు మధ్యాహ్నం కడుపునిండా తినడం, తోటివాళ్లతో ఆడుకోవడం, ఇంట్లో ఏదైనా కష్టం ఉంటే టీచరు ముఖం చూసి కనిపెట్టడం. బడి నడుస్తున్నప్పుడు ఈ మూడూ విడిగా కనబడవు. మూతపడ్డాక ఒక్కోదాన్నీ విడివిడిగా, ఇంటింటికీ మోసుకెళ్లాల్సి వచ్చింది. అప్పుడు తెలిసింది, మూడింటికీ కావాల్సింది ఒకే సంచిలోని డబ్బు అని. ఒకదానికిస్తే ఇంకోదానికి తగ్గుతుంది. ఏది ముందన్న దాని మీదే మా కమిటీలో ఆ రోజుల్లో పెద్ద పెద్ద వాదనలు జరిగాయి.

కడుపు సంగతి ముందు చెబుతాం. 2020 రంజాన్ ఏప్రిల్ 25న మొదలైంది, మస్జిద్‌లలో సామూహిక ఇఫ్తార్ లేదు. ఇఫ్తార్ కోసం దాతలిచ్చిన సొమ్మును వాళ్ల అనుమతితో రేషన్ కిట్లకు మళ్లించాం. ప్రభుత్వం కూడా బడి మధ్యాహ్న భోజనానికి బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకు పంపింది. ఇది చాలా పెద్ద పని, ఒప్పుకోవాలి. కాకపోతే బడిలో పెట్టిన గుడ్డు ఆ పిల్లవాడి నోట్లోకే వెళుతుంది. ఇంటికి పంపిన గుడ్డును ఇంట్లో ఉన్న ఆరుగురూ పంచుకుంటారు, అందులో ఆడపిల్ల వంతు చివరన వస్తుంది. తల్లులను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. పని లేని ఇంట్లో ఆ తల్లి ఇంకేం చేస్తుంది?

ఇక చదువు. అందరూ మొదట అడిగింది ఫోన్ల గురించి. "పిల్లలకు ఫోన్లు కొనిద్దాం, ఎంత కావాలన్నా ఇస్తాం" అని గల్ఫ్ నుంచి కూడా ఫోన్ చేసి అడిగిన సోదరులున్నారు. అల్లాహ్ వారికి మంచి ప్రతిఫలం ఇవ్వాలి. ఆ ఉత్సాహాన్ని ఆపకుండానే మేము ఇల్లిల్లూ తిరిగి చూశాం. ఫోన్ ఉన్న ఇళ్లు మేమనుకున్న దానికంటే ఎక్కువే. దేశమంతటా అదే పరిస్థితి. 2018లో బడి పిల్లలున్న గ్రామీణ కుటుంబాల్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 36.5 శాతమైతే, 2020 సెప్టెంబరు నాటికి 61.8 శాతమయ్యాయని అసర్ సర్వే చెప్పింది. పిల్లల చదువు కోసమే అప్పు చేసి కొన్నవాళ్లు మన వాడలోనే ఉన్నారు. అయితే ఆ ఫోన్ ఎవరి జేబులో ఉంది? ఆటో నడిపే అబ్బా ఉదయం ఏడింటికి బయలుదేరితే ఫోన్ ఆయనతోపాటే వెళుతుంది. రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వస్తుంది. అప్పుడు ముగ్గురు పిల్లలు, ఒక ఫోన్, మిగిలిన కాస్త డేటా. మొదట అన్నకు, తర్వాత తమ్ముడికి, వాళ్లయ్యాక చెల్లెలికి. అప్పటికి చార్జింగ్ కూడా అయిపోయి ఉంటుంది. బడి వాట్సాప్ గ్రూపులో వచ్చేది చాలాసార్లు నోట్‌బుక్ పేజీ ఫోటో. దాన్ని చూసి రాసుకోవచ్చు. అర్థం కాకపోతే అడగడానికి ఎవరూ లేరు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి, కొన్ని చాలా బాగున్నాయి కూడా. టీవీ ఎంత బాగా చెప్పినా, ముందు కూర్చున్నవాడు నిద్రపోతున్నాడని దానికి తెలియదు.

2021 ఆగస్టులో జాన్ డ్రెజ్ మొదలైనవారు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని సుమారు 1,400 మంది పేద కుటుంబాల పిల్లలను కలిసి ఒక సర్వే చేశారు. ఆన్‌లైన్‌లో క్రమంగా చదువుతున్నవాళ్లు పల్లెల్లో 8 శాతం, పట్టణాల్లో 24 శాతం. మన వాడలో తిరిగినప్పుడు మా కళ్లకు కనిపించిందీ ఇంచుమించు ఇదే.

అందుకని కమిటీ ఒక నిర్ణయం చేసింది. పదో తరగతి, ఇంటర్ పిల్లల్లో బొత్తిగా ఫోన్ లేనివాళ్లకు మాత్రం ఫోన్లు ఇచ్చాం. మిగిలిన డబ్బును మనుషుల మీద పెట్టాం. మన పేటల్లోని చిన్న చిన్న ప్రైవేటు బడుల టీచర్లకు నెలల తరబడి జీతాల్లేవు. బీఎడ్ చేసిన అమ్మాయిలు ఇంట్లో మిషన్ కుడుతున్నారు, లెక్కల మాస్టర్లు బండి మీద కూరగాయలు అమ్ముతున్నారు. పక్క తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. మన దగ్గర అలాంటిది లేదు. ఇంకోవైపు షాదీఖానాలు ఖాళీగా ఉన్నాయి. పెళ్లిళ్లకు ఇంతమందే రావాలని ఆంక్షలు కదా. టీచరు ఖాళీ, హాలు ఖాళీ, పిల్లలు వీధిలో. ఈ మూడింటినీ ఒకచోట కలిపాం, అంతే.

పెద్ద తరగతులకు బడులు తెరిచాక, స్థానిక అధికారుల అనుమతితో చిన్నపిల్లలకు ఈ తరగతులు మొదలుపెట్టాం. ఒక టీచరు దగ్గర పదిహేను మందికి మించకూడదు. కిటికీలన్నీ తెరవాలి, లేకపోతే వరండాలోనో చెట్టు కిందో కూర్చోవాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరముంటే పిల్లవాడు రాకూడదు, వర్క్‌షీటు ఇంటికి వెళుతుంది. ఈ చివరి నియమం దగ్గర చాలామంది తల్లిదండ్రులతో తగాదా పడ్డాం. "మా వాడు బాగానే ఉన్నాడు కదా" అనేవారు. వాడు బాగానే ఉంటాడు, పక్కింటి నానీ ఉండరు. రెండో వేవ్ 2021 రంజాన్ నెలలోనే విరుచుకుపడినప్పుడు తరగతులు పూర్తిగా ఆపేశాం. ఆ రోజుల్లో రేషన్ కిట్టులోనే వర్క్‌షీటు పెట్టి పంపాం. వారం తర్వాత తిరిగి తెచ్చుకుని, దిద్ది, మళ్లీ పంపేవాళ్లం. కొన్ని కాగితాల మీద నూనె మరకలుండేవి. కొన్నింటి మీద ఎవరో పెద్దవాళ్లు రాసిన చేతిరాత ఉండేది. అది చూసి మా టీచర్లు సంతోషించారు. ఇంట్లో ఎవరో ఒకరు పిల్లవాడి పక్కన కూర్చున్నారన్నమాట.

డబ్బు విషయంలో ఒక వివరణ ఇవ్వాలి, ఎందుకంటే చాలామంది దాతలు అడిగారు. జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాడి చేతికి చేరి అతని సొంతం కావాలని మన ఉలమాలు చెప్పారు. కాబట్టి జకాత్ నుంచి ఇచ్చింది రేషన్, ఫీజు, ఆ కుటుంబాలకే చెందేలా ఇచ్చిన ఫోన్లు. టీచర్ల గౌరవ వేతనం, హాలు కరెంటు బిల్లు, జిరాక్సులు, వీటికి జకాత్ వాడలేదు. అవన్నీ లిల్లాహ్, సదఖా ఖాతా నుంచి వెళ్లాయి. ఆ ఖాతా ఎప్పుడూ చిన్నదే. అందరూ రంజాన్‌లో జకాత్ లెక్కగట్టి నూటికి రెండున్నర తీసి ఇస్తారు, అల్‌హందులిల్లాహ్. మనిషి శ్రమకు ఇవ్వాల్సిన డబ్బు మాత్రం ప్రతి నెలా వెతుక్కోవాలి.

ఇప్పుడు మూడో విషయం. పిల్లల మనసు. దీనికి లెక్కలు లేవు కాబట్టి నివేదికల్లో రెండు లైన్లలో అయిపోతుంది. మేము దీనికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాం, ఓపిక పట్టండి.

ఆ రెండేళ్లలో మన ఇళ్లలో చాలా జనాజాలు లేచాయి. లేచాయనడం కూడా సరికాదు. ఎన్నో మయ్యత్‌లు ఇంటికి రానేలేదు. ఆసుపత్రి నుంచి ప్లాస్టిక్ సంచిలో నేరుగా ఖబరస్తాన్‌కు వెళ్లాయి. దాదాను అంబులెన్సులో తీసుకెళ్లడం చూసిన పిల్లవాడికి దాదా మళ్లీ కనిపించలేదు. ముఖం చూపలేదు, ఇంట్లో నలుగురూ కూర్చుని ఏడవలేదు. పరామర్శకు వచ్చినవాళ్లు వాకిట్లోనే నిలబడి వెళ్లిపోయారు. పెద్దవాళ్లకే అది మింగుడు పడలేదు. తరగతికి వచ్చిన ఒక పిల్లవాడు చాలా రోజులు నోరు విప్పలేదు. మా టీచరు ఆపా వాణ్ని అక్షరాలు అడగడం మానేసి, రోజూ హాజరు పట్టీ వాడి చేత రాయించేది. పేర్లు రాయాలంటే పేరు అడగాలి కదా. అలా ఒక్కో మాట మొదలైంది.

ఇంకొకటి, మన పిల్లలకే ప్రత్యేకంగా తగిలిన దెబ్బ. 2020 మార్చి చివర ఢిల్లీ మర్కజ్ వార్త వచ్చాక టీవీల్లో, ఫోన్లలో ఏమేం వచ్చాయో మీకు గుర్తుంది. మన పండ్ల బండ్ల దగ్గర కొనొద్దన్న మెసేజీలు తిరిగాయి. పెద్దలు ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుకుంటే పిల్లలు వినరా? "జబ్బు మనవల్లే వచ్చిందంట కదా" అని తొమ్మిదేళ్ల అమ్మాయి అడిగితే ఏం చెబుతారు? ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, విదేశీ తబ్లీగీలను బలిపశువులను చేశారంటూ వారి మీద కేసులు కొట్టేసింది. ఆ తీర్పు తొమ్మిదేళ్ల అమ్మాయి దాకా చేరదు. అమ్మాయి దాకా చేరింది ఎవరంటే, ఎదురింటి హిందూ సోదరి. రెడ్‌జోన్ రోజుల్లో గడల అవతల నుంచి పాల ప్యాకెట్లు అందించినావిడ. తర్వాత మన తరగతుల్లో వారానికి రెండు రోజులు తెలుగు చెప్పిందీ ఆవిడే. పేరు చెప్పవద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు.

మనసు బాగోకపోవడం అంటే ఏడుపు ఒక్కటే కాదు. మగపిల్లల్లో అది మెకానిక్ షెడ్డుగా, వెల్డింగ్ షాపుగా కనిపించింది. బడి లేదు, ఇంట్లో ఉంటే తిట్లు, షెడ్డుకెళితే రోజుకు ఎంతో కొంత వస్తుంది. డబ్బు రుచి మరిగిన పద్నాలుగేళ్లవాణ్ని మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టడం ఎంత కష్టమో మా వాలంటీర్లను అడగండి. ఆడపిల్లల్లో అది నికాహ్‌గా కనిపించింది. తక్కువ మందితో, తక్కువ ఖర్చుతో అయిపోతుందని తొందరపడిన ఇళ్లున్నాయి. మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆ లెక్క కరోనాకు ముందుదే. ఆదోని, కోసిగి వైపు నుంచి మిరప కోతకు గుంటూరు వలస వెళ్లే కుటుంబాల్లో ఈ రెండూ ముందునుంచీ ఉన్నాయి. కరోనా వాటిని మన పట్టణం నడిబొడ్డుకు తెచ్చింది.

తండ్రిని పోగొట్టుకున్న పిల్లల సంగతి విడిగా చెప్పాలి. తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లలకు పది లక్షల సాయం కేంద్రం, రాష్ట్రం రెండూ ప్రకటించాయి. మన దగ్గర ఎక్కువగా పోయింది సంపాదించే తండ్రి ఒక్కడే. వారికున్నది 50,000 రూపాయల ఎక్స్‌గ్రేషియా. దానికి మరణ కారణం రాసిన కాగితం కావాలి, దరఖాస్తు కావాలి, ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆ సోదరి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో ఉంటుంది. ఆవిడ తరఫున మా వాలంటీర్లు తిరిగారు. ఈ పని చదువు ఖాతాలో రాయాలా, సంక్షేమం ఖాతాలో రాయాలా అని మా కోశాధికారి గారు అడిగారు. ఆ డబ్బు చేతికొచ్చాకే ఆ ఇంటి పెద్దపిల్లవాడు షెడ్డు మానేసి తొమ్మిదో తరగతికి తిరిగొచ్చాడు. చదువు ఖాతాలోనే రాయమన్నాం.

బడులు తెరిచాక అంతా సర్దుకుంటుందని చాలామంది అనుకున్నారు. 2022 జూన్‌లో పదో తరగతి ఫలితాలు వచ్చాయి. 2019లో మన రాష్ట్రంలో 94.88 శాతం మంది పాసైతే, 2022లో 67.26 శాతం. రెండు లక్షల మందికి పైగా తప్పారు. పిల్లలు చదవడం లేదని, టీచర్లు చెప్పడం లేదని పేపర్లలో చర్చలు జరిగాయి. ఆ పిల్లలెవరు? బడి మూసేనాటికి ఎనిమిదో తరగతిలో ఉన్నవాళ్లు. తొమ్మిది సగం ఫోన్‌లో చదివి, పరీక్ష రాయడమంటే ఏమిటో మరిచిపోయి, ఒక్కసారిగా పబ్లిక్ పరీక్ష హాల్లో కూర్చున్నవాళ్లు. పరీక్షలు రద్దు చేయడం ఆనాటికి సరైన పనే. ఆ బిల్లు మాత్రం ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి వస్తుంది. వాళ్లకొచ్చింది.

గత నెల అసర్ 2022 నివేదిక వచ్చింది. మూడో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగలిగిన గ్రామీణ పిల్లలు దేశంలో 2018లో 27.3 శాతం ఉంటే ఇప్పుడు 20.5. మన రాష్ట్రంలో 22.6 నుంచి 10.3కు పడిపోయింది. తెలంగాణలో 18.1 నుంచి 5.2కు. పదిమందిలో ఒక్కడు! ఈ మూడో తరగతి పిల్లలు 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరాల్సినవాళ్లు. అక్షరాలు దిద్దాల్సిన ఏడాది వాళ్లకు బడే లేదు. వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఉన్నాయి, బట్టలున్నాయి, బూట్లున్నాయి, మధ్యాహ్నం భోజనముంది. ముందున్న పుస్తకం మాత్రం వాళ్లకు చదవడం రాదు. నిరుడు డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు కూడా ఇచ్చింది. మంచిదే. వాటిలో వీడియో చూసి అర్థం చేసుకోవాలన్నా ముందు చదవడం రావాలి.

మన సాయంత్రం కేంద్రాల్లో ఇప్పుడు చేస్తున్నది ఇదే. పిల్లలను తరగతిని బట్టి కాకుండా, ఏది వచ్చో దాన్ని బట్టి కూర్చోబెడతాం. ప్రథమ్ సంస్థ ఏళ్లుగా చేస్తున్న పద్ధతే, మేము కొత్తగా కనిపెట్టింది కాదు. అయితే ఇందులో ఒక చిక్కుంది. ఐదో తరగతి పిల్లవాణ్ని ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టి గుణింతాలు దిద్దమంటే వాడు మర్నాడు రాడు. చదువు కోసం చేసిన పని వాడి మనసును కొట్టింది. అలాంటి పిల్లలకు మా టీచర్లు ఒక ఉపాయం చేశారు. "చిన్నవాళ్లకు కథ చదివి వినిపించాలి, రేపటికి ఈ పేజీ నేర్చుకుని రా" అని ఇస్తారు. చిన్నవాళ్ల కోసమని చెప్పి వాడే నేర్చుకుంటాడు. ఉర్దూ మీడియం పిల్లలకైతే ఇంకో మెట్టుంది. ఇంట్లో మాట ఒకటి, బడి భాష ఒకటి, బయట బోర్డులన్నీ తెలుగు. వాళ్లకు ఉర్దూలో చదవడం గట్టిపడ్డాకే తెలుగు మొదలుపెడుతున్నాం. రెండూ ఒకేసారి మీదేస్తే రెండూ నిలవడం లేదు. దీనిమీద తల్లిదండ్రులు మాతో ఏకీభవించరు, ఇంగ్లీషు ఎప్పుడని అడుగుతారు. వాళ్ల ఆత్రం మాకు అర్థమవుతుంది, కానీ మా అభిప్రాయం మారలేదు.

ఇక మీ ముందు పెట్టాల్సిన విషయం. మన సొసైటీకి వచ్చే విద్యా విరాళాల్లో పెద్ద భాగం మెరిట్ అవార్డులకు, పై చదువుల స్కాలర్‌షిప్పులకు అని రాసి వస్తుంది. డాక్టరు కాబోయే అమ్మాయికి సాయం చేశామంటే ఎవరికైనా గర్వమే. మాకూ గర్వమే. 1947లో ఈ ఊళ్లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు ఉస్మానియా కళాశాల పెట్టకపోతే ఇక్కడ కూర్చున్న పెద్దల్లో చాలామంది డిగ్రీ దాకా వెళ్లేవారు కాదు. పై చదువును తక్కువ చేసే ఆలోచన మాకు లేదు. కాని ఇప్పుడు మూడో తరగతిలో చదవలేని పిల్లవాడు పదేళ్ల తర్వాత మీ మెరిట్ జాబితాలో ఉండడు. అసలు దరఖాస్తు చేయడానికే రాడు. ట్యాబ్ ఇస్తే ఫోటో బాగా వస్తుంది, మెడల్ ఇస్తే ఇంకా బాగా వస్తుంది. సాయంత్రం ఆరింటికి పదిహేను మందికి ఎక్కాలు చెప్పే టీచరుకు నెల వేతనం ఇస్తే ఫోటోలో చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే ఆ ఖాతా నిండదు.

పైగా ఒక దారి మూసుకుపోయింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల మైనారిటీ పిల్లలకు కేంద్రం ఇస్తున్న ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను గత నవంబరులో ఆపేశారు, ఇక తొమ్మిది, పది తరగతులకే. ఆ మొత్తం పెద్దదేమీ కాదు. కాని ఆ స్కాలర్‌షిప్ కోసం బ్యాంకు ఖాతా తెరిచి, ఏటా బడి నుంచి కాగితం తెచ్చుకునే తల్లులు పిల్లల పేరు రిజిస్టర్‌లో పోకుండా చూసుకునేవారు. ఆ కట్టు ఇప్పుడు వదులైంది.

కమిటీ ప్రతిపాదన ఇది. మెరిట్ అవార్డులు ఇప్పుడున్నన్నే ఉంచుదాం, ఈ మూడేళ్లు పెంచవద్దు. కొత్తగా వచ్చే విరాళాలను సాయంత్రం కేంద్రాలకు మళ్లిద్దాం. ముఖ్యంగా ఇప్పుడు మూడు, నాలుగు తరగతుల్లో ఉన్న పిల్లలు ప్రాథమిక బడి దాటేలోపు వాళ్లకు ధారాళంగా చదవడం, నాలుగు లెక్కలు చేయడం రావాలి. ఆరో తరగతికి వెళ్లాక ఎవరూ వెనక్కి తిరిగి అక్షరాలు చెప్పరు. అలాగే ఈ ఏప్రిల్‌లో పది రాయబోయేవాళ్లు ఎనిమిదో తరగతిని ఇంట్లో గడిపినవాళ్లే. వాళ్లకు ఆదివారం లెక్కలు, సైన్సు తరగతులు పరీక్షల దాకా నడుస్తాయి. నిరుడు తప్పి ఇంట్లో కూర్చున్న పిల్లలు మీకు తెలిసినవాళ్లుంటే పంపండి. వాళ్లు సిగ్గుపడి రారు, మీరు చెబితేనే వస్తారు.

వచ్చే నెల రంజాన్. జకాత్ మీరు ఎప్పటిలాగే ఇస్తారు, అది ఫీజులకూ రేషన్‌కూ వెళుతుంది. ఈ ఏడాది దానితోపాటు లిల్లాహ్ ఖాతాలో నెలకింత అని రాయమని అడుగుతున్నాం. ఒక్కసారి పెద్ద మొత్తం కంటే ప్రతి నెలా చిన్న మొత్తమే మాకు నయం, టీచరుకు జీతం నెలనెలా ఇవ్వాలి కాబట్టి. హాలు బయట బల్ల మీద రెండు రిజిస్టర్లు పెట్టాం, ఒకటి విరాళాలకు, రెండోది సమయానికి. రిటైరైన టీచర్లు, డిగ్రీ చదువుతున్న పిల్లలు, ఇంట్లో ఉన్న చదువుకున్న సోదరీమణులు వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వగలిగితే రెండో దాంట్లో పేరు రాయండి. ప్రస్తుతం లెక్కలకు ఇద్దరు, తెలుగుకు ఒకరు కావాలి. కేంద్రాలు అసర్ నమాజ్ తర్వాత మొదలై ఇషాకు ముందు ముగుస్తాయి. ఏ రోజైనా చెప్పకుండా వచ్చి వెనక కూర్చుని చూడవచ్చు. టీచర్లకు అలవాటే.